గుట్టు విప్పకుండా కూడిక



బేరానికి ముందే తన మామిడి దిగుబడి ఎంతో వ్యాపారికి చెప్పే రైతు మన సామల్పట్టి చుట్టుపట్ల ఉంటాడా? అయినా అందరి దిగుబడి మొత్తం తెలిస్తేనే బేరానికి బలం. ఎవరి లెక్కా బయటపడకుండా ఆ మొత్తాన్ని తేల్చవచ్చు.

ముగ్గురు రైతులనుకొందాం. ఒకరిది 12 టన్నులు. ఆయన దానిని 50, 32, ఋణ 70 అని తోచినట్లు మూడు ముక్కలు చేసి, ఒకటి తాను ఉంచుకొని, తక్కినవి చెరొకరికి రహస్యంగా ఇస్తాడు. మిగిలినవారూ అంతే. ఎవరికి వారు తమవద్ద చేరిన ముక్కలను కూడి, ఆ కూడికను మాత్రమే ప్రకటిస్తారు. ఆ మూడూ కలిస్తే అసలు మొత్తం!

2008 జనవరిలో డెన్మార్కు చక్కెరదుంప రైతులు సుమారు 1,200 మంది ఇటువంటి గణితంతోనే సాగు ఒప్పందాల వేలం జరుపుకొన్నారు. అప్పట్లో అక్కడ దుంపలు కొనేది డానిస్కో ఒక్కటే. తమ ధరలు దానికి తెలిస్తే తమ ఆర్థికస్థితి తెలిసిపోతుందని వారి భయం.

అయితే ఈ పద్ధతి దారిలో గుట్టును కాపాడుతుందే గాని, జవాబు నుండి జారిపోయేదానిని ఆపలేదు. ముగ్గురిలో ఇద్దరు కుమ్మక్కైతే మూడవవాని లెక్క తెలిసినట్లే. నిన్న పదిమంది, నేడు అందులో తొమ్మిదిమంది కూడితే, ఆ తేడాయే తప్పుకొన్న రైతు దిగుబడి.