పాత మోటారుకారు వెనుక ఇరుసునందలి పండ్లచక్రముల యరుగుదల: పరీక్షయు, మరమ్మతును
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, స్వర్ణకారము అను నైదు వృత్తులును మన విశ్వకర్మ సంతతికి వంశపరంపరాగతములు. నాగటి కర్రును సాగగొట్టిన కొలిమియొద్ద పుట్టిన పిల్లలు పెక్కురు నేడు మోటారు మరమ్మతు పనివలన జీవించుచున్నారు. కావున నా పనిలో మిక్కిలి తప్పులు జరుగు నొక భాగమును గూర్చి మనవి చేయ దలచితిమి.

అంబాసిడరు కార్ల నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినను, ఆ బండ్లు నేటికిని మా యొద్దకు వచ్చుచునే యున్నవి. వాని వెనుక ఇరుసు నడుమ గుండ్రని పెట్టెలో డిఫరెన్షియలు కలదు. పినియను అను చిన్న చక్రము ఇంజను తిరుగుడును క్రౌను అను పెద్ద చక్రమున కందిచ్చును. మలుపునందు వెలుపలి టైరు హెచ్చుగను, లోపలి టైరు తక్కువగను తిరుగుటకు లోపలి చిన్న చక్రములు వీలు కల్పించును.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక టాక్సీవాని బండి వేగ మందుకొనగనే ఊళ పెట్టుచుండెను. విప్పి చూడగా పినియను పండ్లు అరిగియుండెను. ఖర్చు తగ్గునను తలంపుతో పినియను మాత్రమే మార్చితిమి. మూడు నెలలు గడువకమున్నే పండ్లు విరిగి బండి మార్గమధ్యమున నిలిచిపోయెను. క్రౌనును పినియనును కర్మాగారమునందే యొకదానితో నొకటి రాపిడిపెట్టి జతపరుతురు. ఆ జతను విడదీయరాదు. మా సొమ్ముతో క్రొత్త జతను వేసితిమి గాని, యతడు పోగొట్టుకొన్న బేరములను తెచ్చియీయలేకపోతిమి.

కావున పిల్లలారా, మొదట విప్పకుడు, నడిపి వినుడు. బాట మారినపుడు రొద మారినచో దోషము టైరులది. యాక్సిలరేటరు త్రొక్కినపుడు గాని, విడిచినపుడు గాని ఊళ వచ్చినచో క్రౌను పినియనులను సందేహింపవలెను. మలుపునందు మాత్రమే కటకటలాడినచో లోపలి చిన్న చక్రములను, కాలి యొత్తిడితో నిమిత్తములేక గరగరమనినచో బేరింగులను చూడవలెను. బయలుదేరునపుడు టక్కుమనినచో ముందు ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లను పరీక్షింపవలెను.

పిమ్మట ఆయిలు దింపి, అందు అయస్కాంతమును త్రిప్పవలెను. బూడిదవంటి మెత్తని పొడి సహజమైన యరుగుదల. వ్రేలికి గ్రుచ్చుకొను ఉక్కు తునకలు కనబడినచో పంటికో బేరింగునకో చేటు కలిగినదని యెరుగవలెను.

క్రొత్త జతను బిగించునపుడు క్రౌను పండ్లకు నూనెలో కలిపిన సిందూరమును పలుచగా బూసి త్రిప్పవలెను. ముద్ర పంటి నడుమ పడుట మేలు. పంటి కొనకెక్కినచో పినియనును క్రౌనువైపునకును, మొదటికి దిగినచో వెనుకకును షిమ్ములతో జరుపవలెను. పండ్ల నడుమ ఎడమును డయలు గేజితో కొలువవలెను. బండిని బట్టి యది మారును గాని, సాధారణముగా నంగుళమును 1000 పాళ్లు చేసిన నందు 5 మొదలు 8 పాళ్లుండును. ఇది చేతి యూహ కందునది కాదు. ఎడము చాలనిచో పండ్లు వేడెక్కి యరుగును. హెచ్చినచో కొట్టుకొని విరుగును.

ఈ పండ్లు ఒకదానిపై నొకటి జారుచు తిరుగును గనుక, వానికై నిర్ణయించిన హైపాయిడు ఆయిలునే పోయవలెను. సీలు కారి ఆయిలు తరిగినచో క్రొత్త జతయు నిలువదు.

ఒరగంట గీయక కంసాలి సోదరుడు బంగారమునకు వెల కట్టడు. అట్లే కొలువక మనము చక్రమునకు తీర్పు చెప్పరాదు. పోషక మహాశయులకు మా విన్నప మొక్కటియే: ఈ పని నేర్చుకొను మన పేదపిల్లల కుపయోగపడునట్లు సంఘము పక్షమున నొక డయలు గేజినైనను కొని యుంచుడు. పరుని జీవనాధారము మన చేతికి వచ్చినపుడు దానిని చెడకుండ తిరిగి యిచ్చుటయే మన వృత్తికి గౌరవము.