అదే పని, మళ్లీ అదే పని

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు, ఫీజులు కట్టిన మీ తల్లిదండ్రులకు అంతకంటే ఎక్కువ అభినందనలు. స్నాతకోత్సవానికి వచ్చిన అతిథి తన జీవిత కథ చెప్పడం ఆనవాయితీ. ఈ ఉక్కపోతలో నల్ల గౌన్లు వేసుకుని ఇప్పటికే ఉడికిపోతున్నారు, నా కథతో మిమ్మల్ని ఇంకా వేపుకు తినను. దానికి బదులు ఒక పరిశ్రమ కథ చెబుతాను. సముద్రంలో గాలిమరలు నిలబెట్టి కరెంటు తీసే పరిశ్రమ. మీరంతా సముద్రం కనిపించే ఊళ్లో చదువుకున్నవాళ్లు కాబట్టి వినడానికి ఓపిక ఉంటుందని ఆశ. మీ గురించి నాకొక బెంగ ఉంది, అది ముందే చెప్పేస్తాను. మన ఇంజనీర్లకు కొత్తది చేయాలన్న తహతహ బోలెడంత. చేసినదాన్నే వందసార్లు ఒకేలా చేయమంటే మాత్రం నామోషీ. ముప్ఫై ఏళ్లలో ఈ పరిశ్రమ ఎదిగిన తీరు, కాలు జారిన తీరు చూస్తే ఆ నామోషీ ఖరీదు ఎంతో తెలుస్తుంది.

1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర ప్రపంచంలోనే మొదటిసారి సముద్రంలో గాలిమరల క్షేత్రం వచ్చింది. పదకొండు మరలు, ఒక్కోటి 450 కిలోవాట్లు. అన్నీ కలిపినా ఐదు మెగావాట్లకు కొంచెం తక్కువే. 2002లో అదే దేశం హార్న్స్ రెవ్ అనే చోట 80 మరలు పెట్టింది, ఒక్కోటి 2 మెగావాట్లు. 2022లో పూర్తయిన బ్రిటన్‌ హార్న్‌సీ-2లో ఒక్కో మర 8 మెగావాట్లు. మరుసటి ఏడాదే అక్కడి డాగర్ బ్యాంక్‌లో 13 మెగావాట్ల మరలు తిరగడం మొదలైంది. వాటి ఒక్కో రెక్క పొడవు 107 మీటర్లు. కుతుబ్ మీనార్‌ను తెచ్చి పక్కన పడుకోబెడితే ముప్ఫై మీటర్లకు పైగా రెక్కే మిగులుతుంది. అదే ఏడాది చైనా ఫుజియాన్ తీరంలో 16 మెగావాట్ల మరను నిలబెట్టింది. పేపర్లలో ఫొటోలు పడేది ఈ పెద్ద మరలవే, మీరు ఫోన్లలో చూసి లైకులు కొట్టేదీ వాటికే. 2024 చివరికి ప్రపంచమంతా కలిపి సముద్రంలో ఉన్న పవన విద్యుత్ సామర్థ్యం సుమారు 83 గిగావాట్లు, అందులో దాదాపు సగం చైనాదే.

ఇప్పుడు ఫొటోలో పడని సంగతికి వద్దాం. ఒక రెక్క ఎలా తయారవుతుందో ఎప్పుడైనా చూశారా? రెక్క ఎంత పొడవో అచ్చూ అంత పొడవు. అందులో గాజు పీచు బట్టను మనుషులు చేతులతో పొరలు పొరలుగా పరుస్తారు. బరువు పెరగకుండా మధ్యలో బాల్సా చెక్క పెడతారు, అది ఎక్కువగా ఈక్వెడార్ నుంచి రావాలి. పైన ప్లాస్టిక్ షీటు కప్పి, లోపలి గాలి మొత్తం లాగేసి, రెజిన్ ఎక్కిస్తారు. చాలా కంపెనీలు రెండు చిప్పలను విడివిడిగా పోసి, గట్టిపడ్డాక జిగురుతో అతికిస్తాయి. బట్ట ఒకచోట ముడతపడినా, జిగురు ఒకచోట చాలకపోయినా బయటికి ఏమీ కనిపించదు. 2024 జులైలో అమెరికాలో వైన్‌యార్డ్ విండ్ క్షేత్రంలో ఒక రెక్క విరిగి, ముక్కలు నాన్‌టకెట్ బీచికి కొట్టుకొచ్చాయి. తయారుచేసిన జీఈ వెర్నోవా తేల్చిన కారణం ఏమిటంటే, కెనడాలోని ఫ్యాక్టరీలో అతుకు సరిగా పడలేదు. మా నాణ్యతా తనిఖీలో అది దొరకాల్సింది అని కంపెనీయే ఒప్పుకుంది. ఏ సూపర్ కంప్యూటరూ లెక్క తప్పలేదు. గమ్ము పూసే చోట, పూసింది చూసే చోట జరిగిన తప్పు అది.

అలాంటి చోట చెయ్యి తిరగాలంటే అదే రెక్కను కొన్ని వందలసార్లు పోయాలి. ఆ అవకాశాన్నే ఈ పరిశ్రమ తనకు తాను ఇచ్చుకోలేదు. బ్రిటన్‌లోని హల్ రేవులో సీమెన్స్ (తర్వాత సీమెన్స్ గమేసా) 2016లో 75 మీటర్ల రెక్కల ఫ్యాక్టరీ తెరిచింది. ఐదేళ్లు తిరక్కుండానే, 108 మీటర్ల రెక్కల కోసం దాన్ని దాదాపు రెండింతలు చేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మరలను సముద్రంలో నిలబెట్టే నౌకలదీ ఇదే తంతు. కాళ్లు సముద్రం అడుక్కి దించి, ఒళ్లు నీళ్ల పైకి లేపి నిలబడే జాకప్ నౌకలవి. క్యాడెలర్ అనే కంపెనీ 2012, 2013 ప్రాంతంలో కట్టించిన తన రెండు నౌకలకు పదేళ్లు దాటగానే పాత క్రేన్లు పీకేసి కొత్తవి పెట్టించింది. నౌక బాగానే ఉంది, ఇంజన్ బాగానే ఉంది, మర మాత్రం క్రేన్‌కు అందనంత ఎత్తుకు పోయింది. మర పెరిగితే రేవులో నేల గట్టిదనం పెరగాలి, మర పునాదిగా సముద్రం అడుగున దిగ్గొట్టే మోనోపైల్ అనే ఉక్కు గొట్టాన్ని చుట్టే యంత్రం పెరగాలి, దాన్ని మోసే బండి పెరగాలి. పాత పెట్టుబడి తీరకముందే కొత్త అప్పు. ఏటా కొలత మారే చొక్కాకు ఏ దర్జీ అయినా గుండీలు టోకున కొనిపెట్టుకుంటాడా?

మీలో చురుకైనవాళ్లు ఈపాటికి ఒక అభ్యంతరం తయారుచేసుకునే ఉంటారు. మర పెద్దదైతే పునాదులు తగ్గుతాయి, కేబుల్ తగ్గుతుంది, నౌక రోజులు తగ్గుతాయి, కాబట్టి కరెంటు చవకవుతుంది కదా అని. నిజమే, అందుకు రుజువులూ ఉన్నాయి. బ్రిటన్ వేలాల్లో 2015లో వెయ్యి యూనిట్లకు 114 నుంచి 120 పౌండ్లు పలికిన ధర 2017లో 57.50కి, 2019లో 40 పౌండ్ల దిగువకు, 2022లో 37.35కి దిగింది. ఇవన్నీ 2012 నాటి ధరల్లో లెక్క. మర పెరగడం వల్ల కొంత తగ్గిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఏళ్లలో వడ్డీ దాదాపు ఊరికే దొరికింది, ఉక్కు చవగ్గా ఉంది, గుత్తేదార్లు ఒకరిమీద ఒకరు పోటీపడి తగ్గించారు. ఉక్కు, వడ్డీ రెండూ పెరిగేసరికి అసలు రంగు బయటపడింది. 2023 జులైలో వాటెన్‌ఫాల్ అనే కంపెనీ, ఖర్చులు 40 శాతం దాకా పెరిగాయని బ్రిటన్ సముద్రంలోని నార్ఫోక్ బోరియాస్ క్షేత్రం పని ఆపేసింది. సెప్టెంబరులో 44 పౌండ్ల గరిష్ఠ ధరతో జరిగిన బ్రిటన్ వేలానికి సముద్ర క్షేత్రాల నుంచి ఒక్క బిడ్డూ రాలేదు. ప్రభుత్వం తర్వాతి వేలానికి ఆ గరిష్ఠాన్ని 73 పౌండ్లకు పెంచక తప్పలేదు. సీమెన్స్ గమేసా మాతృసంస్థ సీమెన్స్ ఎనర్జీ ఆ ఆర్థిక సంవత్సరంలో 460 కోట్ల యూరోల నష్టం చూపించింది. అందుకు ఒక పెద్ద కారణం నేల మీది కొత్త మరల్లో బయటపడ్డ లోపాలు. సముద్రం మీది కాదు కదా అని పక్కన పెట్టకండి. కొత్త నమూనాను తొందరగా సంతకు తోలిన జబ్బు రెండుచోట్లా ఒకటే.

న్యూయార్క్ ఉదాహరణ ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అక్కడ 2023లో మూడు పెద్ద క్షేత్రాలకు తాత్కాలికంగా ఒప్పందాలు దక్కాయి. లెక్కలన్నీ జీఈ తేబోయే 18 మెగావాట్ల మర మీద వేశారు. జీఈ ఆ మరను విరమించుకుని 15.5 మెగావాట్ల దగ్గర ఆగిపోయింది. 2024 ఏప్రిల్‌లో మూడు ఒప్పందాలూ రద్దు. ఇంకా పుట్టని మరను నమ్ముకుంటే జరిగేది ఇంతే. నెదర్లాండ్స్ పవన పరిశ్రమ సంఘం ఒక అడుగు ముందుకేసి, రెక్క కొస ఎత్తు వెయ్యి అడుగులు దాటకుండా పరిమితి పెట్టమని తానే అడిగింది. మమ్మల్ని ఎదగనివ్వొద్దు మహాప్రభో అని ఒక పరిశ్రమ బతిమాలుకోవడం చూస్తే నవ్వొస్తుంది కానీ, అందులో జ్ఞానోదయం ఉంది.

మరి చైనా సంగతేమిటంటారా? వాళ్లు మరలను పెంచుతూనే ఉన్నారు, చవగ్గానూ చేస్తున్నారు. కానీ 2021లో ప్రభుత్వం ఇచ్చే పాత ధరల గడువు ముగిసేలోపు వాళ్లు ఒక్క ఏడాదిలో దాదాపు 17 గిగావాట్లు సముద్రంలో నిలబెట్టారు. అంత సంఖ్య ఉన్నప్పుడు నమూనా త్వరగా మారినా ప్రతి నమూనానూ వందల్లో చేస్తారు. జియాంగ్సు, గ్వాంగ్‌డాంగ్ తీరాల్లో రెక్కలు చేసేవాడూ గొట్టాలు చేసేవాడూ రేవుల దగ్గరే ఉంటారు. కాబట్టి చైనా నా వాదనకు అడ్డు రాదు. వాళ్ల బలం పెద్ద మరలో కంటే ఎక్కువగా ఆ సంఖ్యలో ఉంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఒకే నమూనాను పట్టుకు వేలాడితే దాని తప్పు కూడా అన్నిచోట్లా ఉంటుంది కదా? ఉంటుంది, ఉంది కూడా. 2009, 2010 ప్రాంతంలో ఐరోపాలో వందలకొద్దీ మరల్లో, సముద్రం అడుగున దిగ్గొట్టిన గొట్టానికీ పైభాగానికీ మధ్య పోసిన గ్రౌట్ అనే సిమెంటు మిశ్రమం పట్టు వదిలి, పైభాగం మెల్లగా కిందికి జారడం మొదలైంది. అందరూ వాడిన డిజైన్ ప్రమాణంలోనే లోపం. కానీ కట్టడాలన్నీ ఒకే తీరువి కాబట్టి కారణం తెలిసింది, మరమ్మతు పద్ధతి తేలింది, ప్రమాణం దిద్దారు, తర్వాతివాళ్లు గొట్టాన్ని శంకువులా చేశారు, లేదా బోల్టులు వాడారు. అదే వంద చోట్ల వంద రకాల తప్పులు జరిగి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఒకేలా చేయమంటే కళ్లు మూసుకుని చేయమని అర్థం కాదు. మొదటి పది చేసి, ఆగి, కొలిచి, దిద్ది, ఆ తర్వాత వందకు వెళ్లాలి.

ఇక మన దేశం. నేల మీద 50 గిగావాట్లకు పైగా గాలిమరలున్న దేశం మనది, సముద్రంలో మాత్రం ఇంకా ఒక్కటీ తిరగడం లేదు. 2015లో విధానం ప్రకటించాం. 2018లో, 2030కల్లా 30 గిగావాట్లు అన్నాం. 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ గుజరాత్ తీరానికి 500, తమిళనాడు తీరానికి 500 మెగావాట్ల కోసం 7,453 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. అందులో 600 కోట్లు రెండు రేవుల్ని సిద్ధం చేయడానికి. ఇంత డబ్బు ఎందుకు, సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలకు వస్తోంది కదా అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. కాకపోతే తమిళనాడులో గాలి నైరుతి రుతుపవనాల నెలల్లో, సూర్యుడు దిగిపోయాక కూడా వీస్తుంది. ఆ గంటల కరెంటుకు విలువ వేరు. అయినా ఖరీదు ఖరీదే. నా బెంగ దాని గురించి కాదు. 15 మెగావాట్ల మరలు అనుకుంటే ఒక్కో రాష్ట్రానికి 33, 34 మరలు వస్తాయి. నెదర్లాండ్స్‌లో సిఫ్ కంపెనీ ఏడాదికి 200 మోనోపైళ్ల లక్ష్యంతో తన ఫ్యాక్టరీ విస్తరించింది. మన దేశం మొత్తం ఆర్డరు ఆ ఒక్క ఫ్యాక్టరీకి నాలుగు నెలల పని. దీనికోసం ఇక్కడ ఎవరు ఫ్యాక్టరీ పెడతారు? పైగా రెండు రాష్ట్రాలూ రెండు సైజుల మరలు ఎంచుకుంటే అది పరిశ్రమ అవదు, ఎగ్జిబిషన్ అవుతుంది. ఆలస్యంగా వచ్చినవాడికి ఒక్కటే లాభం, ముందువాడి పందెంలో దిగనక్కర్లేదు. ఒక సైజు ఎంచుకుని, పదేళ్లు దాన్నే కొంటామని ప్రభుత్వం మాటివ్వాలి. పదేళ్లలో పాతబడిపోతుందంటారా? పడనివ్వండి, కరెంటుకు పాతా కొత్తా లేదు.

మన ఊరి తీరం సంగతి కూడా దాచకుండా చెబుతాను. విశాఖ ఎదుట సముద్రం ఒడ్డు నుంచి త్వరగా లోతెక్కుతుంది, పైగా హుద్‌హుద్ తుఫానును మీ ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. ఇక్కడ మరలు రేపే నిలబడతాయని ఆశ పెట్టను. కానీ వాటిని తయారుచేసే పని ఇక్కడికి రావచ్చు. 1948లో జలఉష నౌకను నీళ్లలోకి దించిన షిప్‌యార్డ్ ఈ ఊళ్లో ఉంది. కాకినాడ ఎదుట కేజీ బేసిన్ సముద్రంలో చమురు, గ్యాసు పనులు ఏళ్లుగా సాగుతున్నాయి, కాబట్టి నీళ్ల కింద వెల్డింగ్ అన్నా కేబుల్ అన్నా మనవాళ్లకు కొత్త కాదు. విశాఖ ఉక్కు ఉంది కదా అని చంకలు గుద్దుకోకండి. అక్కడ వచ్చేవి ఎక్కువగా కడ్డీలు, వైరు రాడ్లు. మోనోపైల్‌కు కావలసిన మందపాటి ప్లేట్లు కావు. ఇలాంటి చిన్న తేడా తెలియకుండా పెద్ద ప్రకటనలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు వాళ్లలో చేరకండి.

నాయనలారా, తల్లులారా, ఇంక తిట్టు. ఏ కాలేజీలో చూసినా ఇన్నోవేషన్ ఫ్లెక్సీలే, హ్యాకథాన్ ఫ్లెక్సీలే. వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు ఫ్లెక్సీ ఒక్కటీ కనపడదు. మీ ల్యాబ్ రికార్డులు మాత్రం సీనియర్ల రికార్డు చూసి, అవే రీడింగులతో, అవే తప్పులతో ఎక్కించారు. అదీ మళ్లీ చేయడమే, కాకపోతే కొలవకుండా చేయడం. ఎనభై మిల్లీమీటర్ల ప్లేటును చుట్టి, వెల్డు వేసి, ఆ వెల్డు పొడవునా అల్ట్రాసోనిక్ ప్రోబు నడిపి, తెర మీద గీత ఎక్కడ ఉలిక్కిపడుతుందో చూసేవాడు ఎనభయ్యో గొట్టం దగ్గర కూడా మొదటి గొట్టం నాటి శ్రద్ధతో చూడాలి. ఆ ఉద్యోగానికి ప్యాకేజీ తక్కువ, ఎండ ఎక్కువ, ఇంట్లో చెబితే అత్తయ్యలకు అర్థం కాదు. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లేవాళ్లను ఆపను, వెళ్లండి, సుఖంగా ఉండండి. కానీ ఈ హాల్లో ఉన్న మెకానికల్, మెరైన్, మెటలర్జీ పిల్లల్లో పదిమందైనా ఈ ఏడాది నాణ్యతా తనిఖీ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టండి. ఇంటర్వ్యూలో జీతం అడిగేముందు ఒక ప్రశ్న అడగండి: మీరు ఇదే వస్తువును ఎన్నేళ్లు చేయబోతున్నారు?