పది గంటల జీవో, మన ఇంటి లెక్క
(అత్వెల్లిలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగులో పని గంటలు, ఓటీ ముచ్చట ఎందుకని పొద్దున ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన మాటే. అత్వెల్లి నుంచి శామీర్‌పేట దాకా చూడండి. చాలా ఇండ్లలో పట్టా పాసుబుక్కు ఒకరి పేరు మీద ఉంటే, కంపెనీ గుర్తింపు కార్డు ఇంకొకరి మెడలో ఉంది. ద్రాక్ష పందిళ్లున్న చోట గోదాములు, వెంచర్లు వచ్చాయి. భూమి అమ్ముకున్నోళ్లు కొందరు గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీకి పోతున్నారు. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఉపాధి హామీ పని కూడా ఉండదు. కాబట్టి కొలువుకు గంటలెన్ని, గంటకు ఎంత అన్నది ఇప్పుడు రైతు ఇంటి లెక్కే.

2025 జూలై 5న మన రాష్ట్ర ప్రభుత్వం 282 నంబరు జీవో ఇచ్చింది. దుకాణాలను మినహాయించి మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని అందులో ఉంది. వారానికి 48 గంటలు దాటితే ఓటీ కట్టాలి. ఆరు గంటల్లోపు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలు మించకూడదు. మూడు నెలల్లో ఓటీ 144 గంటలు దాటకూడదు. వ్యాపారం సులువు కావడానికే ఇదంతా అన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆంధ్రప్రదేశ్ కేబినెట్ కూడా పది గంటలకు ఒప్పుకుంది.

వారానికి 48 గంటలు అట్లనే ఉన్నాయి కదా, నష్టమేంది అంటారు. నష్టం ఎక్కడుందో చూడండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రెండు హద్దులు పెట్టింది. ఓటీ వారానికి ఆరు గంటలు దాటొద్దంది. మన పిల్లగాడు ఒక కొరియర్ సంస్థలో నెలకు 13,000కు పని చేస్తున్నాడనుకుందాం. 26 రోజులకు పంచితే రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు. రెట్టింపు ఓటీ అయితే గంటకు 125. సరుకు ఎక్కువ వచ్చిన మూడు రోజులు పదేసి గంటలు, తక్కువ వచ్చిన మూడు రోజులు ఆరేసి గంటలు చేయించారు. మొత్తం 48. రోజు హద్దుతో చూస్తే ఆరు గంటల ఓటీ, అంటే ఆ వారం 750 రూపాయలు. కొత్త లెక్కన సున్నా! పని అదే, నడుం నొప్పీ అదే.

ఇంకో సంగతి. ఆ జీవో దుకాణాలకు వర్తించదు. చట్టంలో దుకాణం అంటే కౌంటరు ఒక్కటే కాదు, ఆ వ్యాపారానికి వాడే గోదాము కూడా. అందుకని గోదాములో చేసే పిల్లలు ‘పది గంటల జీవో వచ్చింది’ అనగానే తలూపొద్దు. మీ సంస్థ రిజిస్ట్రేషన్ దేని కింద ఉందో ముందు అడగండి.

వాచ్‌మన్ల లెక్క ఇంకా ఘోరం. పన్నెండు గంటల డ్యూటీ, రిలీవర్ ఉండడు, ఆదివారం లేదు. వారానికి 84 గంటలు. అంటే 48 పోను 36 గంటలు ఎక్కువ. ఈ జీవో కొలతతో చూసినా మూడు నెలలకు పెట్టిన 144 గంటలు నాలుగు వారాలకే అయిపోతాయి. మిగతా తొమ్మిది వారాల గంటలు ఏ రిజిస్టరులో రాస్తున్నారు? సెక్యూరిటీ, నిర్మాణం సహా అయిదు రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ 2021లో జీవోలు ఇచ్చి, గెజిట్‌లో అచ్చు వేయకుండా పక్కన పెట్టిన రాష్ట్రం మనది.

వారానికి 48 గంటలు ఎవరో దయతో ఇచ్చినవి కావు. 1946లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్న కాలంలో ఫ్యాక్టరీల చట్టం సవరించి 54 గంటలను 48 చేశారు. అదే రోజుల్లో మన తెలంగాణ పల్లెల్లో వెట్టి మీద కొట్లాట నడుస్తోంది.

ఇప్పుడు మన పొలం సంగతి. ఇది మాట్లాడకుండా పక్కోడి గోదాము గురించి మాట్లాడితే బాగుండదు. నాటు, కలుపు, కోత గుత్తకిచ్చినప్పుడు గంటలు ఎవరూ చూడరు. 1948 నాటి కనీస వేతనాల చట్టం నుంచీ వ్యవసాయ కూలి అందులో ఉంది. ‘కూలి పెంచితే మేం ఎక్కడి నుంచి తేవాలి’ అని రైతు అడుగుతాడు. నిజమే. కానీ ఆ మాట కూలీలతో కాదు, మద్దతు ధర కట్టేవాళ్లతో అనాలి. 2025-26 వానాకాలానికి క్వింటా వరి ఖర్చు 1,579 రూపాయలని లెక్కగట్టి, దాని మీద సగం కలిపి సాధారణ రకానికి 2,369 ఇచ్చారు. సొంత భూమికి లెక్కగట్టే కౌలు, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ ఆ 1,579లో లేవు. ఇంటిల్లిపాది చేసిన కష్టం మాత్రం ఉంది. దాన్ని ఏ రేటుతో లెక్కిస్తారు? పొలం కూలి రేటుతోనే. కూలి తక్కువగా నమోదైతే మన ఆడవాళ్లు నాటేసిన రోజుకూ, మనం చేసిన రోజుకూ విలువ తక్కువ పడుతుంది. రాత్రి మోటరు పెట్టడానికి పోయిన గంటలకు ఓటీ ఎట్లాగూ ఎవరూ రాయరు!

2025 నవంబర్ 21 నుంచి కేంద్రం 29 చట్టాలను తీసేసి నాలుగు కోడ్‌లు తెచ్చింది. వాటి మీద సంయుక్త కిసాన్ మోర్చా, కార్మిక సంఘాలు కలిసి నిలబడ్డాయి, మన సంఘం వైఖరి కూడా అదే. అయినా చేతిలో ఉన్న అక్షరాన్ని వదలొద్దు. కొత్త కోడ్‌లలోనూ ఓటీకి రెట్టింపు కూలి రాసి ఉంది. ఓటీ చేయించడానికి కార్మికుడి సమ్మతి కావాలని కూడా రాసి ఉంది.

చేయాల్సింది చిన్న పని. ఇంట్లో కంపెనీకి పోయేవాళ్లు లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము రోజూ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయాలి. ఫోన్లో హాజరు తీసుకునే చోట ఆ తెరను ఫోటో తీసి పెట్టుకోవాలి. జీతం చీటీ ఇవ్వకపోతే బ్యాంకు మెసేజీ తుడిచేయొద్దు. మూడు నెలల కాగితాలు కాగానే సంఘం ఆఫీసుకు తెండి. విడివిడిగా పోతే పేరు బయటపడుతుందని పిల్లలు భయపడుతున్నారు కాబట్టి, అన్నీ ఒకే అర్జీగా కట్టి సంఘం పేరుతో కార్మిక శాఖ అధికారికి మేమే ఇస్తాం. వాచ్‌మన్ డ్యూటీ ఉండి ఇయ్యాల రాలేని వాళ్లకు ఈ ముచ్చట ఇంటికి పోయి చెప్పండి.