బెజ్జమునకు బెజ్జము కలియవలెను

గ్రామ పంచాయతీ సభ్యులారా,

2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొనివచ్చి, 1957లో పూర్తియైన మన ప్రకాశం బ్యారేజీని ఢీకొన్నవి. గేట్లకు వ్రేలాడు బరువుదిమ్మలు దెబ్బతినగా, వానికి బదులు ఉక్కు దిమ్మలను అమర్చిరి. బ్యారేజీ గేటునకేకాదు, ఊరి పంటకాలువ తూము తలుపునకును మరమ్మతు తప్పదు. తలుపు పలకలను కలిపి పట్టియుంచునది బోల్టు. కావున బోల్టు బెజ్జములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

పలకలను విడివిడిగా కొలిచి బెజ్జములు వేసినచో, ప్రతి పలకలోను వెంట్రుకవాసి తేడా వచ్చును. అన్నిటిని పేర్చినప్పుడు బోల్టు దూరదు. అప్పుడు కొందరు గ్యాసుతో బెజ్జమును వెడల్పు చేయుదురు. అట్టి అతుకులో బరువు అన్ని బోల్టులపై సమముగా పడదు; ఒకటిరెండు బోల్టులే మోసి, క్రమముగా వదులగును.

సరియైన పద్ధతి ఇది. పలకల అంచులు కలిపి, క్లాంపులతో గట్టిగా బిగింపవలెను. పైపలకపై గుర్తు పెట్టి, పంచుతో గుంట కొట్టి, మొదట సన్నని డ్రిల్లుతో, పిదప అసలు కొలత డ్రిల్లుతో నిట్టనిలువుగా దొలువవలెను. చేతి డ్రిల్లు ఒరిగినచో అడుగుపలకలో బెజ్జము ప్రక్కకు పోవును. కావున స్టాండు డ్రిల్లు మేలు. మొదటి బెజ్జములో వెంటనే బోల్టు బిగించి, దానికి దూరముగా ఎదురుమూలన రెండవది వేసి, అందును బోల్టు బిగింపవలెను. ఇక పలకలు కదలవు, తక్కినవి వేయవచ్చును. 16 మి.మీ. బోల్టునకు సాధారణముగా 18 మి.మీ. బెజ్జము చాలును.

విడదీయుటకు ముందే పలకల వరుసను, ముఖమును తెలుపు గుర్తులు పెట్టవలెను. బెజ్జముల అంచున లేచిన ఇనుప మొనలను గీకివేయవలెను; లేనిచో పలకలు ఒకదానిపై ఒకటి ఆనవు. పలకలు మరీ పెద్దవైనచో, ఒక మాదిరిపలకను చేయించి, దానినిబట్టియే అన్నిటికి బెజ్జములు వేయింపుడు. దానిని పంచాయతీ కార్యాలయమున భద్రపరచినచో, ముందు ముందు తలుపు మార్చునప్పుడు అక్కరకు వచ్చును.

బిల్లుపై సంతకము చేయుటకు ముందు బోల్టులన్నియు సుత్తిదెబ్బ లేకుండ వ్రేళ్లతోనే దూరుచున్నవేమో చూడుడు. దూరనిచో పనిని తిరిగి చేయింపుడు. నారుమళ్లకు నీరు వదలిన పిదప తలుపు ఊడినచో, నష్టపోవునది కాలువ చివరి రైతు.