కొలువులో క్రమశిక్షణ, మన వాడల్లో భయం



ఆగస్టు 31 విముక్త జాతుల దినం. దేని నుంచి విముక్తి అని మా హాస్టల్ పిల్లలు అడుగుతుంటారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు మన కుర్రాళ్ళు కొందరు కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తెల్లారకుండానే పరుగు మొదలుపెడుతున్నారు. కాబట్టి ఆ ఖాకీ చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

ఒకప్పుడు మద్రాసు రాజధానిలో తాలూకా తహసీల్దారే పోలీసు పెద్ద కూడా. శిస్తు వసూలు చేసేదీ, దొంగను పట్టేదీ ఒకే చెయ్యి. ఆ చెయ్యి జనాన్ని హింసిస్తోందని ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 1855లో తేల్చింది. దాంతో 1859లో 24వ చట్టం తెచ్చి పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకో సూపరింటెండెంట్, వాళ్ళ కింద ఇన్‌స్పెక్టర్లు, కానిస్టేబుళ్ళు. బందరు కేంద్రంగా కృష్ణా జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే.

రెండేళ్ళకు వచ్చిన 1861 పోలీసు చట్టం చూడండి. విధిలో అలసత్వం చూపిన కానిస్టేబుల్‌కు నెల జీతం దాకా జరిమానా, 15 రోజుల దాకా క్వార్టర్సులో నిర్బంధం, శిక్ష డ్రిల్లు, అదనపు కాపలా. అనుమతి లేకుండా ఉద్యోగం మానాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అదుపులో ఉన్న మనిషిని అన్యాయంగా కొడితే శిక్ష అని కూడా అందులో రాసి ఉంది. కానీ దెబ్బలు తిన్న పేదవాడు ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? కానిస్టేబుల్ జవాబు చెప్పింది పై అధికారికి, జనానికి కాదు. పోలీసుల్లో లంచాలు, దౌర్జన్యం ఉన్నాయని 1902-03 పోలీసు కమిషన్ కూడా ఒప్పుకుంది.

ఆ పోలీసు చేతికే మన జాతులను అప్పగించారు. ఎరుకలవారు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి బతికినవాళ్ళు. సర్కారు ఉప్పు విధానం, రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. బతుకు పోయినవాళ్ళను ఆదుకోవాల్సింది పోయి అనుమానించారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసుకూ తెచ్చారు. ఎరుకలవారిని, యానాదుల్లో కొందరిని ఆ పట్టీలో చేర్చారు. పేరు రాసి వేలిముద్ర తీసుకునేవారు. చెప్పిన వేళకు హాజరు చెప్పాలి, ఊరు దాటితే తెలియజెయ్యాలి. తప్పితే జైలు. నేరం చేశాడా అని కాదు, ఏ కడుపున పుట్టాడు అన్నదే లెక్క. స్టువర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. స్టువర్టుపురం వాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు.

దీని మీద వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు పోరాడారు. 1947లో మద్రాసు ప్రభుత్వం, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టాన్ని రద్దు చేశారు. చట్టం పోయింది గానీ చూపు అంత త్వరగా పోలేదు. ఊళ్ళో మోటారు పోయిందంటే ముందు మన వాడ వైపే చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చెయ్యకూడదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి.

అందుకే మేం హాస్టల్లో పిల్లలకు ఈ ముక్కలు కంఠతా పట్టిస్తున్నాం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. సాక్ష్యం అడగాలంటే ఆడవాళ్ళను స్టేషనుకు రమ్మనకూడదు, ఇంటికే రావాలి. ఇంటికెళ్ళి మీ అమ్మానాన్నలకు చెప్పండి. పీతల వేటకు, కూలికి పోయే మనవాళ్ళకు ఇవి ఎవరూ చెప్పలేదు.

మేమూ రోజూ రాత్రి హాజరు తీస్తాం. బిడ్డ అన్నం తిన్నదా, జ్వరమొచ్చిందా అని చూడ్డానికి తీస్తాం. పట్టీ అదే, ఎందుకు రాస్తున్నామన్నదే తేడా. క్రమశిక్షణ కూడా అంతే.

రేపు మీలో ఎవరో ఒకరు ఆ ఖాకీ వేస్తారు, వెయ్యాలి. అప్పుడు మీ పై అధికారికి సెల్యూట్ కొట్టండి. ఏ వాడ నుంచైనా చేతులు కట్టుకుని వచ్చిన మనిషికి మాత్రం కుర్చీ వెయ్యండి, చెప్పింది రాసుకోండి. మన తాతలకు దక్కనిది అదే.