చిగురు మీద నొప్పి లేని బుడిపె
పళ్లు తోముకునేటప్పుడు చిగురు మీద పప్పుబద్దంత బుడిపె నాలుకకు తగులుతుంది. నొప్పి ఉండదు కాబట్టి నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి బుడిపెల్లో తరచుగా కనిపించేది చీముగుల్ల. పుచ్చిన పంటిలో నరం చచ్చిపోతే వేరు కొసన చీము చేరి, ఎముకను తొలుచుకుని చిగురు మీదికి దారి చేసుకుంటుంది. చీము బయటికి పోతుంటే లోపల ఒత్తిడి ఉండదు, అందుకే నొప్పీ ఉండదు. బుడిపె చితికి నోరు ఉప్పగా అవుతుంది, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. సూదితో పొడిచినా, లవంగనూనె రాసినా వేరు దగ్గరి చీము పోదు. ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. చీముగుల్ల కాని బుడిపెలూ ఉంటాయి. గర్భిణులకు వచ్చే ఎర్రటి, ముట్టుకుంటే రక్తం కారే గడ్డ చాలావరకు కాన్పు తర్వాత తగ్గుతుంది. రాయిలా గట్టిగా ఉండి ఏళ్ల తరబడి మారనిది ఎముక పెరుగుదల కావచ్చు.

గుట్కా, ఖైనీ నమిలేవారి సంగతి వేరు. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. 2 వారాలు దాటినా తగ్గని గడ్డ, పుండు, తెల్లమచ్చ ఉంటే డాక్టరుకు చూపించాలి; అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఉదాహరణకు ఆళ్లగడ్డ చుట్టుపక్కలవారు ముందు నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవచ్చు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా ఉంది.