‘కపుల్’ అంటే రెండేనా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను ‘రెండు ముక్కలు’ మాట్లాడమన్నారు. నిజంగా రెండే ముక్కలు చెప్పి కూర్చుంటే వాళ్ళే నొచ్చుకుంటారు. అందుకని ఆ ‘రెండు’ గురించే మాట్లాడతాను. ఇంగ్లిషులో దానికి ‘కపుల్’ అనే మాట ఉంది.

తెలుగు మీడియంలో చదివిన మనకు ఈ మాట మొదట ‘బలయుగ్మం’గా పరిచయమైంది. సార్ మమ్మల్ని క్లాసు బయటికి తీసుకెళ్ళి నల్లా తిప్పించారు. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు మరోవైపు నెడతాయి. బలాలు రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. నల్లా పిడి పక్కకు జరగదు, తిరుగుతుంది. ఫ్రెంచి గణితవేత్త లూయీ ప్వాంసో 1803లో తన పుస్తకంలో ఈ జంట బలాలను ‘కపుల్’ అన్నాడు. కపుల్ అంటే కచ్చితంగా రెండేనని ఆ రోజే నా బుర్రలో నాటుకుంది.

అసలు ఈ మాటకు మూలం అంకె కాదు. లాటిన్‌లో ‘కోపులా’ అంటే ముడి, బంధం. అది ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం నాటికే ఇంగ్లిషులోకి వచ్చింది. రెండు వేటకుక్కలను కలిపి కట్టే పట్టీనీ అలాగే పిలిచేవారు. మన కాగజ్‌నగర్ స్టేషన్‌లో గూడ్సు డబ్బాలను కలిపే కప్లింగ్‌ది కూడా అదే ఇంటిపేరు. ‘పెయిర్’ సంగతి వేరు. అది లాటిన్ ‘పార్’ నుంచి వచ్చింది, అంటే సమానం. అందుకే మేజోళ్ళు పెయిర్, ఆలుమగలు కపుల్. మనమూ ఎడ్లను జత అంటాం, చెప్పులను జోడు అంటాం, పెళ్ళయినవాళ్ళను జంట అంటాం.

చిక్కంతా ‘ఎ కపుల్ ఆఫ్ డేస్’ దగ్గర వస్తుంది. అది రెండు రోజులు కావచ్చు, మూడు కావచ్చు, కొన్ని కావచ్చు.

బాపు ఆఖరి జబ్బులో ఉన్నప్పుడు డాక్టరు ‘ఎ కపుల్ ఆఫ్ వీక్స్’ అన్నాడు. నేను ఇంజినీరును కదా, పద్నాలుగు రోజులని లెక్క కట్టాను. పుణె వెళ్ళి పని అప్పజెప్పి, పన్నెండో రోజుకు తిరిగి రావాలని టికెట్ తీసుకున్నాను. బయలుదేరుతుంటే బాపు, “ఇంకో నాల్గు రోజులుండి పోరాదుర బిడ్డా” అన్నాడు. “మళ్ళ వస్త బాపు” అన్నాను. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది.

డాక్టరు తప్పేమీ లేదు. ‘కపుల్ అంటే ఎన్ని రోజులు సార్?’ అని నేను అడగలేదు. ఇంగ్లిషు రాదనుకుంటారని మొహమాటం. బాపు చెప్పిన ‘నాలుగు’ నాలుగు కాదని నాకు తెలుసు. ‘నాలుగు మాటలు’, ‘నలుగురూ ఏమంటారు’ అనే భాషలో పుట్టినవాణ్ణి. ఆ మాటను నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు రిపోర్టులో ‘కపుల్’ అని రాయొద్దని, అంకె వేయమని చెబుతాను. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగమంటాను.

‘నాలుగు రోజుల్లో వచ్చి కలుస్తాం సార్’ అని ఈ గురువులకు చెప్పి ఏళ్ళ తరబడి కనిపించనివాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. నేను మాత్రం ఈసారి రోజు చెప్పి వెళ్తున్నాను సార్. దసరా మర్నాడు పొద్దున్నే మీ ఇంటికి వస్తాను.

సెలవు.